కెర్నెల్‌లో చేసిన మార్పు కనిపించట్లేదా? ముందు ఏది నడుస్తోందో చూడండి

లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, ఒక లైను మార్చిన ప్రతిసారీ ల్యాప్‌టాప్ రీబూట్ చేయాల్సిన పని లేదు. బిల్డ్ అయిన బీజెడ్‌ఇమేజ్‌ని (బూట్ అయ్యే కెర్నెల్ ఫైలు) క్యూఎమ్యూకి (ల్యాప్‌టాప్‌లోనే ఇంకో కంప్యూటర్‌ని, అంటే వీఎంని, నడిపే ప్రోగ్రాం) నేరుగా ఇస్తే సెకన్లలో బూట్ అవుతుంది. పానిక్ అయినా, అంటే కెర్నెల్ కుప్పకూలినా, పోయేది ఆ విండో ఒక్కటే. ఇంతవరకు మీకు వచ్చనే అనుకుంటున్నాను. హనుమకొండ, కాజీపేటల్లో ఇంజనీరింగ్ పిల్లలు నా దగ్గరికి తెచ్చే సమస్యలు నాలుగైదే. వాటిలో ఒకటి మాత్రం పూటలకు పూటలు తినేస్తుంది.

కోడ్ మార్చినా పాతదే నడుస్తోంది

"అన్నా, పీఆర్‌ఇన్ఫో పెట్టిన, డీమెసేజ్‌ల వస్తలేదు." అంటే కోడ్‌లో పీఆర్‌ఇన్ఫోతో పెట్టిన మెసేజ్ కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో కనిపించట్లేదని. ఈ మాట వినని నెల లేదు. వెంటనే తమ కోడ్‌నే అనుమానించి ఇంకో పది ప్రింట్లు పెడతారు. దయచేసి ముందు వీఎంలో యూనేమ్ మైనస్ వి కొట్టండి. హ్యాష్ గుర్తు పక్కన బిల్డ్ నంబరు, ఆ తర్వాత బిల్డ్ అయిన తేదీ, టైము వస్తాయి. ఆ టైము ఇప్పటిది కాకపోతే మీరు పాత ఇమేజ్‌నే బూట్ చేస్తున్నారు. చాలాసార్లు జరిగేది ఇదీ: బిల్డ్ చేసే మేక్ కమాండ్ మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోతుంది, నాలుగు జాబ్‌లు ఒకేసారి నడుస్తుంటే ఆ ఎర్రర్ పైకి స్క్రోల్ అయిపోతుంది, పాత బీజెడ్‌ఇమేజ్ అక్కడే ఉంటుంది. మేక్‌కీ క్యూఎమ్యూకీ మధ్య రెండు యాంపర్‌సాండ్‌లు పెట్టండి. బిల్డ్ ఫెయిలైతే బూట్ కూడా కాదు.

టైము సరిగానే ఉండి కూడా మార్పు రాకపోతే, అసలు దొంగ వేరే ఉన్నాడు. మీ డ్రైవర్ మాడ్యూల్‌గా (కెర్నెల్‌లోకి విడిగా లోడ్ అయ్యే ఫైలుగా) బిల్డ్ అవుతోంది, దాని పాత కాపీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్‌లో) ఉండిపోయింది. అసలు డిస్క్ మౌంట్ కాకముందే ఆ పాతది లోడ్ అవుతుంది. తర్వాత మీరు మాడ్యూల్‌ని లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ కొడితే, అప్పటికే లోడ్ అయి ఉంది కాబట్టి అది ఏమీ అనకుండా ఊరుకుంటుంది.

కాపీ పాతదైతే కెర్నెల్ పట్టుకోవాలి కదా అంటారు. పట్టుకోదు. లోడ్ చేసేటప్పుడు కెర్నెల్ సరిపోల్చే వెర్‌మ్యాజిక్ గుర్తులో కెర్నెల్ వెర్షన్ పేరు, కొన్ని కాన్ఫిగ్ వివరాలే ఉంటాయి, బిల్డ్ టైము ఉండదు. కమిట్ చేయకుండా మారుస్తూ పోతే వెర్షన్ చివర ‘డర్టీ’ అని చేరవచ్చు. కానీ మొదటి మార్పుకీ అదే పేరు, పదో మార్పుకీ అదే పేరు. మాడ్యూల్ వివరాలు చూపే మాడ్‌ఇన్ఫో చూసి కూడా మోసపోకండి. అది చూపేది డిస్క్ మీది ఫైలును, మెమరీలో ఉన్నదాన్ని కాదు.

తేల్చుకోవడం సులువే. కాన్ఫిగ్‌లో మాడ్యూల్ ఎస్‌ఆర్‌సీవెర్షన్ ఆల్ ఆన్ చేయండి. సిస్ కింద మాడ్యూల్ డైరెక్టరీలో, మీ డ్రైవర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో ఎస్‌ఆర్‌సీవెర్షన్ అనే ఫైలు ఉంటుంది, అందులో సోర్స్ కోడ్‌ని బట్టి మారే గుర్తు ఉంటుంది. దాన్నీ, మీరు ఇప్పుడు బిల్డ్ చేసిన కేఓ ఫైలు (మాడ్యూల్ ఫైలు) మీద మాడ్‌ఇన్ఫో ఇచ్చే విలువనూ పక్కపక్కన పెట్టండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా నడుస్తున్నది పాతదే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ తయారు చేయండి: ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, ఫెడోరాలో డ్రాకట్. నన్నడిగితే, టెస్ట్ వీఎంకి ఆ డ్రైవర్‌ని ‘వై’ పెట్టి కెర్నెల్‌లోనే కలిపేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని పూర్తిగా తీసేయడం మేలు. అప్పుడు పాత కాపీ దాక్కునే చోటే ఉండదు.

రూట్ మౌంట్ కాక పానిక్

అన్‌నోన్ బ్లాక్ 0,0 అని వస్తే కెర్నెల్‌కి మీ రూట్ డిస్క్ (సిస్టమ్ ఫైళ్లుండేది) కనబడలేదని. బిల్డ్ త్వరగా అవ్వాలని లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ వాడి ఉంటారు. అది మీ ల్యాప్‌టాప్‌లో లోడ్ అయిన మాడ్యూల్స్‌నే ఉంచుతుంది, వీఎంకి కావాల్సిన వర్టియోని (వీఎం డిస్క్ లాంటివాటి డ్రైవర్లు) తీసేస్తుంది. మేక్ కేవీఎం గెస్ట్ కాన్ఫిగ్ నడపండి, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ని ‘వై’ చేయండి, రూట్‌కి వీడీఏ (వీఎంలో మొదటి వర్టియో డిస్క్) ఇవ్వండి.

వీఎం నత్తనడక

ఓరుగల్లు ఎండకు ల్యాప్‌టాప్ వేడెక్కి స్లో అయిందనుకుంటారు. ముందు డెవ్ కింద కేవీఎం (ప్రాసెసర్ సాయంతో వీఎంని వేగంగా నడిపేది) ఉందో లేదో చూడండి. లేకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయండి. ఉండీ పర్మిషన్ లేదంటే, కేవీఎం గ్రూపులో చేరి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. క్యూఎమ్యూకి ఎనేబుల్ కేవీఎం ఇవ్వడం మరిచిపోవద్దు.

క్యూఎమ్యూని నోగ్రాఫిక్‌తో (విండో లేకుండా) నడిపినప్పుడు ఏమీ కనిపించకపోతే కన్సోల్‌కి టీటీవైఎస్0 (సీరియల్ పోర్ట్) ఇవ్వండి. ఊప్స్ (కెర్నెల్ ఎర్రర్) తర్వాత మాడ్యూల్ ‘వాడుకలో ఉంది’ అని దిగకపోతే దానితో కుస్తీ పట్టకండి, కంట్రోల్ ఏ, ఎక్స్ కొట్టి వీఎంని మూసి మళ్లీ లేపండి. ‘ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ వచ్చేది అరుదు, కెర్నెల్‌నీ మాడ్యూల్‌నీ ఒకే ట్రీ నుంచి మళ్లీ బిల్డ్ చేస్తే పోతుంది.