వీలాన్‌ల మధ్య అనవసర ట్రాఫిక్‌ను స్విచ్‌లోనే ఆపడం ఎలా?

నెట్‌వర్క్‌ను వీలాన్‌లుగా (ఒకే స్విచ్ మీద విడివిడిగా నడిచే చిన్న నెట్‌వర్క్‌లుగా) విడగొట్టగానే అతిథుల వైఫైకి ఆఫీసు సర్వర్లు అందకుండా పోతాయని చాలామంది అనుకుంటారు. కానీ లేయర్ 3 స్విచ్‌లో (ఐపీ అడ్రస్‌ను బట్టి ప్యాకెట్లను ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి పంపగల స్విచ్‌లో) రూటింగ్ ఆన్ చేసి, ప్రతి వీలాన్‌కూ గేట్‌వే అడ్రస్ ఇచ్చాక, ఆ స్విచ్ వాటన్నిటి మధ్యా ప్యాకెట్లను అడ్డు లేకుండా చేరవేస్తుంది. వాటిని ఆపడానికి యాక్సెస్ లిస్ట్ (ఏ ప్యాకెట్‌ను అనుమతించాలో, దేన్ని ఆపాలో చెప్పే నియమాల జాబితా) రాయాలి. ఇక్కడ సిస్కో స్విచ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లోని పద్ధతిని వివరిస్తున్నాను.

1. ఎవరు ఎక్కడికి వెళ్లవచ్చో ముందు కాగితం మీద రాసుకోండి. మన ఉదాహరణలో వీలాన్ 10 (192.168.10.0) సిబ్బందిది, వీలాన్ 20 (192.168.20.0) అతిథులది, వీలాన్ 30 (192.168.30.0) సర్వర్లది. అతిథులకు ఇంటర్నెట్ తప్ప మరేదీ అందకూడదు.

2. 'ఐపీ యాక్సెస్-లిస్ట్ ఎక్స్‌టెండెడ్' ఆదేశంతో ఒక పేరు పెట్టి లిస్ట్ మొదలుపెట్టండి. స్విచ్ వరుసలను పైనుంచి కిందికి చూస్తూ, మొదట సరిపోలిన వరుస దగ్గరే ఆగిపోతుంది. ఏదీ సరిపోలకపోతే కనిపించని చివరి 'డినై' ఆ ప్యాకెట్‌ను పారేస్తుంది. అందువల్ల వరుసల క్రమం చాలా ముఖ్యం. మొదట డీహెచ్‌సీపీని (యంత్రాలకు ఐపీ అడ్రస్‌లు ఇచ్చే ఏర్పాటును) అనుమతించండి: 'పర్మిట్ యూడీపీ ఎనీ ఈక్యూ 68 ఎనీ ఈక్యూ 67'. ఇది తరచుగా మరచిపోయే వరుస. అడ్రస్ కోసం అడిగే లాప్‌టాప్‌కు అప్పటికింకా అడ్రస్ ఉండదు, దాని ప్యాకెట్ 0.0.0.0 నుంచి వస్తుంది కాబట్టి, 192.168.20.0ను మాత్రమే అనుమతించే లిస్ట్ దానిని ఆపేస్తుంది. డీఎన్‌ఎస్ సర్వరు (వెబ్‌సైట్ పేర్లకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వరు) లోపలే ఉంటే, దాని పోర్ట్ 53కు కూడా దారి ఇవ్వండి. తరువాత 'డినై ఐపీ ఎనీ 192.168.0.0 0.0.255.255', చివరగా 'పర్మిట్ ఐపీ 192.168.20.0 0.0.0.255 ఎనీ' రాయండి. అడ్రస్ పక్కనున్న 0.0.255.255, 0.0.0.255 సబ్‌నెట్ మాస్క్‌లు కాదు, వాటిని తలకిందులు చేసిన వైల్డ్‌కార్డ్ మాస్క్‌లు (0 ఉన్న చోట అడ్రస్ సరిపోలాలి, 255 ఉన్న చోట ఏదైనా సరే).

3. 'ఇంటర్‌ఫేస్ వీలాన్ 20'లోకి వెళ్లి, 'ఐపీ యాక్సెస్-గ్రూప్' ఆదేశంతో లిస్ట్‌ను 'ఇన్' దిశలో తగిలించండి. దిశను స్విచ్ వైపు నుంచి చూడాలి: అతిథుల నుంచి స్విచ్‌లోకి వచ్చేది 'ఇన్', స్విచ్ నుంచి వారి వైపు వెళ్లేది 'అవుట్'. దూరం నుంచి పనిచేస్తున్నట్లయితే ముందుగా 'రీలోడ్ ఇన్ 10' ఇవ్వండి. పొరపాటున మీ దారే మూసుకుపోయినా, పది నిమిషాల్లో స్విచ్ సేవ్ చేసిన పాత సెట్టింగులతో తిరిగి లేస్తుంది.

4. అతిథుల వైఫై నుంచి పరీక్షించండి. గేట్‌వేకు పింగ్ అందకపోతే కంగారు అవసరం లేదు, మన 'డినై' వరుస దానికీ వర్తిస్తుంది. ఈ లిస్ట్ కనెక్షన్లను గుర్తుంచుకోదు కనుక, సిబ్బంది అతిథుల వైపున్న టీవీని తెరిస్తే దాని జవాబు కూడా ఆగిపోతుంది. అది కావాలంటే, 'డినై'కి పైన 'ఎస్టాబ్లిష్డ్' (ఇప్పటికే మొదలైన కనెక్షన్) పదంతో ఒక టీసీపీ వరుస చేర్చాలి. కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే యూడీపీకి ఆ సౌకర్యం లేదు.

5. అంతా సరిగ్గా ఉంటే 'రీలోడ్ క్యాన్సిల్' ఇచ్చి, సెట్టింగులను సేవ్ చేయండి. ఒకే వీలాన్‌లోని రెండు యంత్రాల మధ్య ట్రాఫిక్ ఈ లిస్ట్ దాకా రాదు. దానికి వీలాన్ మ్యాప్ (వీలాన్ లోపలి ట్రాఫిక్‌కూ వర్తించే ఫిల్టర్) వాడాలి. ఐపీవీ6 రూటింగ్ కూడా నడుస్తుంటే, దానికి మరో లిస్ట్ విడిగా రాయాలి.