పిల్లల చేతికి ఏ సైన్సు పుస్తకం? చెన్నైలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు

సైన్సు పుస్తకం చేతిలోకి తీసుకున్నాక అట్టనూ, వెనక రాసిన పొగడ్తలనూ వదిలేసి సరిగ్గా మధ్యలో తెరవండి. మొదటి పేజీలు ఎవరైనా శ్రద్ధగానే రాస్తారు. మధ్యకి వచ్చేసరికే అసలు సంగతి బయటపడుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలు పూర్తిగా చదివి మూడు విషయాలు చూడండి. జవాబు చెప్పకముందే ప్రశ్న పుట్టించారా? చెప్పిన విషయం మనుషులకు ఎలా తెలిసిందో ఒక్క వాక్యమైనా ఉందా? చదివిన పిల్ల పుస్తకం పక్కన పెట్టి వంటింట్లోకో డాబా మీదకో వెళ్లి చూడగలిగేది ఏమైనా ఉందా? మూడింటిలో రెండు లేకపోతే, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఆ పుస్తకం కొనకండి.

భూమికీ చంద్రుడికీ మధ్య సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు అని రాయడం తేలిక. పిల్లలు దాన్ని బట్టీ పట్టి మర్చిపోతారు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద అద్దాల పలక ఒకటి పెట్టి వచ్చారనీ, ఇక్కడి నుంచి దాని మీదకి లేజర్ వేస్తే వెలుగు వెళ్లి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుందనీ, ఆ సమయాన్ని బట్టే దూరం లెక్కకడతారనీ రాసిన పుస్తకం వేరు. "ఆ అద్దం ఇంకా అక్కడే ఉందా?" అని తర్వాతి ప్రశ్న పిల్లలే అడుగుతారు. ఉంది, ఇప్పటికీ వాడుతున్నారు.

ఒక పేజీని దగ్గరగా చూద్దాం. విషయం పసుపు. నాసిరకం పుస్తకంలో ఇలా ఉంటుంది: "పసుపు సహజ సూచిక. క్షారాలలో ఎర్రగా మారుతుంది. ఇందులో కర్కుమిన్ ఉంటుంది." పక్కన పసుపు కొమ్ము ఫొటో. అంతే. మంచి పుస్తకం అరచెంచా పసుపు, రెండు చెంచాల నీళ్లు కలిపి తెల్లకాగితం ముక్కలకు పూసి ఆరబెట్టమంటుంది. ఆరాక ఒకదాని మీద సబ్బునీళ్లు, ఒకదాని మీద నిమ్మరసం, ఒకదాని మీద తాంబూలంలో వేసుకునే సున్నం కలిపిన నీటిపై తేరుకున్న నీళ్లు చుక్క చొప్పున వేయమంటుంది. వేసేముందే ఏది ఏ రంగవుతుందో ఊహించి రాసుకోమంటుంది. సబ్బు, సున్నం దగ్గర ఎర్రబడుతుంది, నిమ్మరసం దగ్గర పసుపు రంగే ఉంటుంది. ఆ ఎర్రమరక మీద నిమ్మరసం వేస్తే ఏమవుతుందని అప్పుడు అడుగుతుంది. మళ్లీ పసుపవుతుంది. పెళ్లిలో పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇంట్లో చూసిన పిల్లలకు ఈ పేజీ ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పక్కర్లేదు. సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి ఆ చుక్క పెద్దవాళ్లే వేయాలన్న హెచ్చరిక ఆ పేజీలోనే ఉందో లేదో కూడా చూడండి. హెచ్చరికలన్నీ పుస్తకం చివర ఎక్కడో గుదిగుచ్చితే ఎవరూ చదవరు.

తప్పులున్న పుస్తకాలు మార్కెట్లో చాలానే ఉన్నాయి. మొత్తం చదవకుండానే వాటిని పట్టుకోవచ్చు. చంద్రకళల పేజీ తీయండి. భూమి నీడ పడటం వల్ల చంద్రుడు తరిగిపోతున్నాడని రాస్తే తప్పు. నీడ పడేది చంద్రగ్రహణం రోజునే. రుతువుల పేజీలో సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అని ఉంటే అదీ తప్పే. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనం పొద్దున్నే దుప్పటి వదలని రోజుల్లో. సిరల్లో రక్తం నీలంగా ఉంటుందనీ, నాలుక కొసకు తీపి మాత్రమే తెలుస్తుందనీ, మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయనీ రాసినవి కూడా పక్కన పెట్టేయండి. వీటిలో ఒక్కటి కనిపించినా, రాసినవాళ్లు వేరే పుస్తకాల్లోంచి ఎత్తిరాశారే తప్ప సరిచూసుకోలేదని అర్థం.

కొవ్వొత్తి ప్రయోగం దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎందుకంటే పేరున్న పుస్తకాల్లోనూ ఇది తప్పుగా ఉంటుంది. పళ్లెంలో ఒక సెంటీమీటరు ఎత్తు రంగునీళ్లు పోసి, మధ్యలో పుట్టినరోజు కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి గ్లాసు బోర్లిస్తే నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఆక్సిజన్ అయిపోయింది, అది ఉన్న అయిదో వంతు చోటులోకి నీళ్లు వచ్చాయి అని చాలామంది ముగించేస్తారు. నిజానికి మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా బయటకి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతే బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది. పైగా గ్లాసులో ఆక్సిజన్ ఇంకా మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. దీన్ని పిల్లలే తేల్చుకోవచ్చు. అదే గ్లాసుతో, అంతే నీళ్లతో, ఈసారి మూడు కొవ్వొత్తులు పెట్టండి. నీళ్లు ఇంకా పైకి ఎక్కుతాయి. ఆక్సిజనే కారణమైతే గ్లాసు అదే, గాలి అంతే కాబట్టి నీటిమట్టం మారకూడదు కదా! మంట ఆరిన తర్వాతే నీళ్లు గబగబా ఎక్కడం కూడా కనిపిస్తుంది. మూడు కొవ్వొత్తులతో మళ్లీ చేసి చూడమని చెప్పే పుస్తకం దొరికితే ధర చూడకుండా కొనండి.

ఇక ఊరి సంగతి. విదేశాల్లో అచ్చయిన పుస్తకాలు కొన్ని చాలా బాగుంటాయి. కానీ వాటిలో ఆకాశం, చెట్లు, వానలు అక్కడివి. ఉత్తరార్ధగోళంలో మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడని వాటిలో రాస్తారు. చెన్నై 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 18 ప్రాంతంలో పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నెత్తిమీదకి వస్తాడు. డాబా మీద నిలబెట్టిన సీసాకు పక్కన నీడే కనిపించదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. ధ్రువనక్షత్రం ఇక్కడ క్షితిజం నుంచి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి కంటే కొంచెం పైన. బొమ్మలో ఉన్నట్టు నడిమింట వెతికితే ఎన్నాళ్లకీ కనపడదు. శరత్కాలంలో ఆకులన్నీ రాలతాయని చదివిన పిల్లకి, ఉగాదికి ముందు ఆకులు రాల్చి ఉగాది నాటికి పూతకొచ్చే వేపచెట్టు పుస్తకంలో ఎక్కడా దొరకదు. ఇక్కడ పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు.

అలాగని ఆ పుస్తకాలు కొనొద్దని కాదు. కొన్నాక, "ఇది మన ఊళ్లో నిజమేనా?" అని పక్కన పెన్సిల్‌తో రాసిపెట్టండి. ప్రతి మూడు పుస్తకాలకు ఒకటైనా ఇక్కడి ప్రాణుల గురించి, ఇక్కడి ఆకాశం గురించి ఉండాలి. కాలాన్ని బట్టి ఇస్తే ఇంకా మంచిది. బీసెంట్ నగర్ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే జనవరి–మార్చి నెలల్లో తాబేళ్ల పుస్తకం ఇవ్వండి. గూడులోని ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడదా మగదా అనేది తేలుతుందన్న విషయం అందులో ఉందా చూడండి. వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. వలసపక్షుల పుస్తకం ఇవ్వడానికి నవంబరు సరైన సమయం, పళ్లికరణై చిత్తడి నేల దగ్గరే ఉంది.

ప్రయోగాల పుస్తకమైతే ముందు చదవాల్సింది కావలసిన సామాను జాబితా. మూడు ప్రయోగాలు తీసుకుని, వాటి సామాను వీధి చివర కిరాణా కొట్లో దొరుకుతుందా అని లెక్కవేయండి. మూడింట్లో ఒక్కటే కుదిరితే ఆ పుస్తకం షోకేసు పాలవుతుంది. అమెరికా పుస్తకాల్లో కార్న్‌స్టార్చ్ అంటే మన కొట్లో కార్న్‌ఫ్లోర్ పేరుతో అమ్మే తెల్లటి మెత్తని పొడి. పసుపు రంగులో ఉండే మొక్కజొన్న పిండి వేస్తే ప్రయోగం పాడవుతుంది. రెండు కప్పుల పొడికి ఒక కప్పు నీళ్లు కలిపితే గుద్దితే గట్టిగా, వదిలితే జారుగా ఉండే ముద్ద తయారవ్వాలి. జారుడుగానే ఉంటే ఇంకో చెంచా పొడి వేయండి. బేకింగ్ సోడా అంటే వంటసోడా, బేకింగ్ పౌడర్ కాదు. వాళ్ల కప్పు సుమారు 240 మిల్లీలీటర్లు, మన టీకప్పు కాదు. రంగు మారే ప్రయోగానికి అడిగిన ఎర్ర క్యాబేజీ దొరక్కపోతే శంఖుపుష్పాలు వేడినీళ్లలో నానబెట్టండి. ఆ నీలి రంగు నిమ్మరసంతో ఊదా అవుతుంది, వంటసోడాతో ఆకుపచ్చ వైపు తిరుగుతుంది. కొనకుండానే మొదలుపెట్టాలంటే అరవింద్ గుప్తా వెబ్‌సైట్‌లో పారేసే వస్తువులతో చేసే బొమ్మలు బోలెడు ఉన్నాయి, ఉచితంగా.

వయసు గురించి అట్టమీద అచ్చువేసిన అంకెను నమ్మక్కర్లేదు. అయిదేళ్లలోపు వాళ్లకి పేజీకి రెండు వాక్యాలు, పుస్తకానికి ఒకే విషయం చాలు. ఎనిమిదేళ్ల దాకా కథ నడుస్తుండగా సైన్సు రావాలి. పదకొండేళ్ల దాకా చేసి చూసేవి ఎక్కువగా ఉండాలి. కొత్త సాంకేతిక పదాలు ఎన్ని ఉన్నా పర్వాలేదు, పదం వచ్చిన చోటే అర్థం బొమ్మతో సహా విప్పి చెబితే చాలు. పన్నెండు దాటాక శాస్త్రవేత్తల జీవితాలు బాగా పనిచేస్తాయి, కానీ బిరుదుల జాబితాలు కాదు. ఇక్కడి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సి.వి.రామన్ గురించి కొంటే, 1930 నోబెల్ గురించి ఎన్ని పేజీలు ఉన్నాయో చూడకండి. 1921లో ఓడ మీద వెళ్తూ సముద్రం నీలంగా ఎందుకుందని అడిగిన ప్రశ్న, 1928 ఫిబ్రవరి 28 నాటి రామన్ ఎఫెక్ట్ (ఒక పదార్థం గుండా వెళ్లిన వెలుగులో కొంత రంగు మారడం) దాకా ఎలా నడిచిందో చెప్పారా అని చూడండి.

భాష విషయంలో ఇక్కడి తెలుగు ఇళ్ల ఇబ్బంది తెలిసిందే. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఇంగ్లీషు, తమిళం చదువుతారు, తెలుగు అక్షరాలు తడబడతాయి. ఇంగ్లీషు పుస్తకమే కొన్నా, పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటూ చదవండి. ప్రశ్నలు ఇంటి భాషలోనే ధారాళంగా వస్తాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో చాలా పుస్తకాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉచితంగా ఉన్నాయి. ఒకటి నుంచి నాలుగు స్థాయిలుగా విడదీశారు కాబట్టి ఒక మెట్టు దిగి తెలుగుది చదివించవచ్చు. చెన్నైలోనే ఉన్న తూలికా ప్రచురణ సంస్థ వారు బొమ్మల పుస్తకాలు తెలుగులోనూ వేస్తారు. నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వారి పుస్తకాలు అటునుంచి వచ్చే బంధువులతో తెప్పించుకోండి.

కొనేముందు కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగానికి తీసుకెళ్లి ఒక గంట మీరు ఏమీ సూచించకుండా కూర్చోండి. ఏ అరల దగ్గర ఆగుతున్నారో, ఏ పుస్తకాన్ని రెండోసారి తీస్తున్నారో రాసుకోండి. బిర్లా ప్లానెటోరియం పక్కనే కాబట్టి ఆకాశం పుస్తకాల వైపు మొగ్గు కనిపిస్తే అదే పూట అటూ వెళ్లవచ్చు. సంక్రాంతి రోజుల్లో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనలో మామూలుగా పది శాతం తగ్గింపు ఇస్తారు. గ్రంథాలయంలో రాసుకున్న ఆ చీటీతో వెళ్లి మూడే కొనండి: ఇప్పటికే ఇష్టపడే విషయం మీద ఒకటి, దానికి ఆనుకున్న విషయం మీద ఒకటి, చేసి చూసేది ఒకటి. పది సంపుటాల సెట్లు, విజ్ఞాన సర్వస్వాలు వద్దు. అంత పెద్ద కట్ట చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పిల్లలు ముట్టుకోరు.

పాత పుస్తకాల అంగడిలో కొంటే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. 2006కు ముందువైతే ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహంగానే ఉంటుంది. రాక్షసబల్లులన్నీ ఈకలు లేకుండా నున్నగా ఉంటే, 1996లో చైనాలో బయటపడిన ఈకల శిలాజం సంగతి అందులోకి చేరలేదన్నమాట. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగిన విషయం అంతకుముందు వాటిలో ఉండదు. శని చంద్రుల సంఖ్య తేడాగా ఉందని మాత్రం పుస్తకాన్ని తోసేయకండి, కొత్తవి కనిపెడుతూనే ఉన్నారు. భౌతికశాస్త్రం, మొక్కలు, ప్రయోగాల పుస్తకాలకు వయసుతో అంత పేచీ లేదు.

ఇంటికి తెచ్చాక అలమరాలో పెట్టకండి. చేతికందే చోట, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, స్కేలు, పెన్సిల్ పక్కన పెట్టి ఊరుకోండి. చదివాక "ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే అది పరీక్ష అయిపోతుంది, తర్వాతి పుస్తకం తెరవరు. ఇరవై పేజీల దాకా చూసి వదిలేస్తే బలవంతం చేయవద్దు. మూడు నెలలు కనబడకుండా దాచి, అదే విషయం బయట ఎదురైన రోజున మళ్లీ బయటపెట్టండి.