కొత్త జలాశయం, మడత గాలం, వెంట అత్తగారు

మాది పర్లాకిమిడి. మోటారు వైండింగు కొట్టు నడుపుతాను. ఏడాదిలో రెండుసార్లే షట్టరు దించుతాను: దసరాకు నాలుగు రోజులు, డిసెంబరు ఆఖరున ఐదు రోజులు. మా ఆవిడ చూడాలనుకున్న ఊళ్లు, పిల్లలు ఎక్కాలనుకున్న కొండలు, అత్తగారు మొక్కుకున్న గుళ్లు, నేను వేయాలనుకున్న గాలం, అన్నీ ఈ తొమ్మిది రోజుల్లోనే ఇమడాలి. మన ఊరి చెరువయితే ఏ రేవులో ఏ చేప తిరుగుతుందో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. ఎన్నడూ చూడని జలాశయం ఒడ్డున, చేతిలో రెండు గంటలే ఉన్నప్పుడు ఏం చేయాలన్నదే నేను చెప్పబోయేది.

ఇందులో సగం అమెరికావాళ్ల వీడియోలు చూసి నేర్చుకున్నదే. వాళ్లు సెలవులకు పిల్లాపాపలతో ఏదో ఒక సరస్సు ఒడ్డున దిగి బాస్ అనే చేప కోసం గాలం వేస్తారు. అది ఉత్తర అమెరికా చేప, మన నీళ్లలో దాన్ని వెతకడం దండగ. పేరులో బాస్ ఉన్నది మన దగ్గర పండుగప్ప. దాన్ని ఏషియన్ సీ బాస్ అంటారు, ఒడియావాళ్ల భేకటి అదే. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చిలికాలో దొరుకుతుంది కాని, కొండమీది డ్యాముల్లో దొరకదు. అయితే బాస్ బుద్ధులు చాలావరకు మన కొరమీనుకు ఉన్నాయి. రెండూ నాచు చాటునో మొద్దు నీడనో మాటు వేసి, కప్పో చిన్న చేపో దగ్గరికి రాగానే మీద పడతాయి. రెండూ పిల్లలకు కాపలా కాస్తాయి. కాబట్టి బాస్ ఫలానా చోట ఉంటుందని వాళ్లు చెబితే, ఆ చోట కొరమీనును వెతకడం తప్పు కాదు.

పని ఇంట్లోనే మొదలవుతుంది. కోరాపుట్ పక్కన ఉన్న కొలాబ్ జలాశయాన్ని తీసుకుందాం. మన శబరి నది పైభాగాన్నే అక్కడ కొలాబ్ అంటారు. కరెంటు కోసం, సాగు కోసం నీరు వాడుకుంటూ పోతారు కాబట్టి వేసవి చివరికి నీటిమట్టం బాగా దిగిపోతుంది. వానలు పడ్డాక మళ్లీ నిండుతుంది. నేను వెళ్లేది డిసెంబరులో, నీళ్లు దండిగా ఉన్నప్పుడు. అప్పుడు ఒడ్డున నిలబడితే కనిపించేదంతా ఒకటే నీలం, అడుగున ఏముందో తెలియదు. అందుకని గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు తెరచి, ఏప్రిల్‌దో మే నెలదో చూస్తాను. నీరు దిగిన ఆ చిత్రంలో అన్నీ బయటపడతాయి: మునిగిపోయిన పాత బండిబాట, గెడ్డ పారిన గాడి, పొలాల గట్లు, నీటిలోకి ముక్కులా పొడుచుకు వచ్చిన రాతి మిట్ట. అదే చోటును శీతకాలం చిత్రంలో చూస్తే ఏది ఎంత దూరాన మునిగి ఉందో తేలిపోతుంది. గట్టు అంచు, గాడి మలుపు, మిట్ట కొస, ఈ మూడింటి దగ్గరే చేప తిరుగుతుంది. చదునైన అడుగున దానికి పనేమీ ఉండదు.

నేను ఈ పటాన్ని మైలార్ షీటు మీద గీసుకుంటాను. మోటారు స్లాట్లలో ఇన్సులేషను కోసం వేసే షీటే. కొట్టులో ముక్కలు ఎప్పుడూ మిగులుతాయి. తడిస్తే చిరగదు, జేబులో నలగదు. ఫోను తెర మీద సన్నగా నూలుపోగులా కనిపించే గాడిని ఆ షీటు మీద నల్ల మార్కరుతో గీస్తాను, నేను నిలబడదలచిన చోటు దగ్గర ఎర్ర చుక్క పెడతాను. చుక్కలు మూడుకు మించకూడదు. పది చోట్లు గుర్తుపెట్టుకుని వెళ్లినవాడు రెండు గంటలూ నడకలోనే గడిపేస్తాడు. ఆ మూడింటిలో ఒకటైనా బస నుంచి ఆటోలో పావుగంటలో చేరే దూరంలో ఉండాలి. బస ఎక్కడ తీసుకోవాలన్నది కూడా నేను ఆ చుక్కను బట్టే చెబుతాను, కారణం మాత్రం బయటపెట్టను. బొటానికల్ గార్డెను దగ్గరని పిల్లలకు, శబర శ్రీక్షేత్రం అనే జగన్నాథుడి గుడి దగ్గరని అత్తగారికి చెబుతాను. రెండూ నిజాలే.

ఇక గంటల లెక్క. నాలుగేళ్ల కిందట ఒక కొత్త డ్యాము దగ్గర, ఉదయం ఎనిమిదికల్లా వచ్చేస్తానని చెప్పి పదకొండున్నరకు వచ్చాను. కిరాయి బండి గుమ్మంలో ఆగి ఉంది. మేం చేరేసరికి గుడి తలుపులు మూసేశారు. మా ఆవిడ తిట్టింది, అది త్వరగానే తీరిపోయింది. అత్తగారు మాత్రం ఏమీ అనలేదు. రెండు రోజులపాటు ఏమీ అనలేదు. చేప కూడా పడలేదు కాబట్టి చెప్పుకోవడానికి సాకు కూడా లేకపోయింది. అప్పటి నుంచి ఫోనులో రెండు అలారాలు పెట్టుకుంటున్నాను. మొదటిది గాలం చుట్టేయడానికి, రెండోది నడక మొదలుపెట్టడానికి. రెండోది మోగినప్పుడు బెండు మునుగుతున్నా సరే, ఆ చేపను తీసి బయలుదేరడమే.

ఏ రెండు గంటలు అడగాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. దసరా రోజుల్లో తెల్లవారుజామే మేలు. ఇంట్లోవాళ్లు లేచేలోపు పని అయిపోతుంది. డిసెంబరు కోరాపుట్‌లో ఆ లెక్క పనికిరాదు. పీఠభూమి చలి, పొద్దున మంచు విడవదు, నీరు చల్లబడి చేప కదలదు. ఎండ తగిలి ఒడ్డు నీళ్లు వెచ్చబడ్డాక, మధ్యాహ్నం మూడు నుంచి చీకటి పడేవరకు మంచి సమయం. ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది కాబట్టి అంతకు మించి మిగలదు. ఆ వేళకు ఇంట్లోవాళ్లు తిరిగి తిరిగి అలసిపోయి ఉంటారు, పడుకుంటామని వాళ్లే అంటారు. కాబట్టి డిసెంబరు ప్రయాణంలో నేను పొద్దున్నే లేచి అందరికీ టీ తెచ్చి ఇస్తాను. మధ్యాహ్నానికి అది నా ఖాతాలో జమ అయి ఉంటుంది.

ఊరు చేరిన సాయంత్రం గాలం సంచి విప్పను, మనుషులను వెతుకుతాను. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు కొనుక్కుంటే పని జరిగిపోతుందట. మన దగ్గర జలాశయాల్లో చేపలు పట్టే హక్కును చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకు లీజుకు ఇస్తారు. అంటే ఆ చేప మీద బతికే మనిషి ఒకడున్నాడు. అతడిని అడగకుండా గాలం వేయడమంటే ఒకరి పొలంలో దిగి వంకాయలు కోసినట్టే. పడవలు కట్టే రేవుకు వెళ్లి, పెద్ద వయసువాడిని చూసి "భాయినా" అని పలకరించి, ఒక్క కర్రతో రెండు గంటలు కూర్చుంటానని, పడితే అతనికే ఇస్తానని చెబుతాను. ఇంతవరకు కాదన్నవారు ఒక్కరే, వారి మాటకు కట్టుబడి వెనక్కి వచ్చేశాను. డ్యాము గోడ, గేట్లు, పవర్‌హౌసు చుట్టుపక్కల మాత్రం ఎవరు సరే అన్నా వెళ్లను. నీరు వదిలితే దిగువన నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. చిలికాకు వెళితే నలబణ పక్షుల అభయారణ్యం వైపు గాలం మాటే ఎత్తకూడదు.

అడగడంలోనూ పద్ధతి ఉంది. "ఇక్కడ చేపలు పడతాయా?" అని అడిగితే ఎవరైనా పడతాయనే అంటారు. అది మర్యాద. నేను అడిగేవి మూడే. ఈ వారంలో నీళ్లు తగ్గాయా, పెరిగాయా? తగ్గుతుంటే చేప ఒడ్డు వదిలి లోతు అంచుకు జరుగుతుంది, పెరుగుతుంటే కొత్తగా మునిగిన గడ్డిలోకి మేతకు వస్తుంది. నిన్న వల ఎక్కడ వేశారు? అక్కడికి నేను వెళ్లను, ఆ నీళ్లు ఇంకా బెదిరే ఉంటాయి. మూడోది అన్నిటికన్నా విలువైనది: మీ వల ఎక్కడ చిరుగుతుంది? ఈ ప్రశ్నకు ఎవరూ అబద్ధం చెప్పరు, ఎందుకంటే అది వాళ్ల కడుపుమంట. "అదిగో, ఆ తుప్పల పక్కన పాత చెట్ల మొద్దులున్నాయి బాబూ, పోయిన నెల నా వల సగం అక్కడే పోయింది" అంటారు. వల వేయలేని చోట చేప హాయిగా పెరుగుతుంది. నా మైలార్ షీటు మీద నాలుగో చుక్క ఆ రాత్రి పడుతుంది, మరుసటి రోజు మొదట వెళ్లేది అక్కడికే.

చేపల పేర్లు ఒడియాలో తెలిసి ఉంటే మాట ముందుకు సాగుతుంది. కొరమీనును సెవుళ అంటారు, బొచ్చె భాకుర, శీలావతి రోహి, ఎర్రమోసు మిరికాళి. కార్తీకంలో వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒడియావాళ్ల లెక్కన ఆ నెల చివరి ఐదు రోజులూ, అంటే పౌర్ణమితో ముగిసేవి, పంచుక, కొంగ కూడా చేపను ముట్టదంటారు. ఆ రోజుల్లో రేవులో గాలం పట్టుకుని తిరిగితే ఎవరూ ఏమీ అనకపోవచ్చు కాని, చూసే చూపు మారుతుంది. పంచుక దాటిన మరునాడు ఛాడఖాయి, ఊరంతా మాంసం, చేపల కోసం ఎగబడుతుంది. ఆ రోజు సంఘంవాళ్లకు మీతో మాట్లాడే తీరిక ఉండదు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. ముడుచుకునే టెలిస్కోపిక్ కర్ర ఒకటి, రీలు ఒకటి. తూడు, నాచు ఉన్నచోట కొరమీనుకు అల్లిక దారం కావాలి, మామూలు నైలాన్ తెగుతుంది. లోపల బోలుగా ఉండే రబ్బరు కప్పలు రెండు చాలు. వాటి గాలాలు వీపు మీద పైకి తిరిగి ఉంటాయి కాబట్టి ఆకుల మీదుగా లాగినా చిక్కుకోవు. శీలావతి, బొచ్చెల కోసం వేరుశనగ చెక్క, తవుడు ఆ ఊరి బజారులోనే కొనాలి. ఇంటి నుంచి మోసుకెళితే బండంతా వాసన, అత్తగారు పక్కనే కూర్చుంటారు. పిండి ముద్దను ఎంత లోతున వేలాడదీయాలన్నది చేపను బట్టి: బొచ్చె పైనీటిలో మేస్తుంది, శీలావతి నడిమిన, ఎర్రమోసు అడుగున. పిల్లలు వెంట ఉంటే గాలాల ముళ్లను కటింగ్ ప్లేయరుతో నొక్కేయండి. ఒకటి రెండు చేపలు జారిపోతాయేమో, వేలికి దిగిన గాలం మాత్రం సులువుగా వస్తుంది.

ఒడ్డుకు చేరాక మొదటి పదిహేను నిమిషాలు గాలం వేయకండి. రెండు గంటల్లో పావుగంట పోతుందని మనసు పీకుతుంది, నిజమే. అయినా కూర్చుని చూడండి. కొరమీనుకు గాలి కావాలి, అప్పుడప్పుడు పైకి వచ్చి గుటుక్కున మింగి పోతుంది. ఆ చప్పుడు వినబడ్డ చోట ఆకు కదులుతుంది. గాలి ఏ ఒడ్డుకు కొడుతోందో చూడండి. నీటిలో తేలే సన్నని మేత ఆ ఒడ్డుకే చేరుతుంది, దాని వెంట చిన్న చేపలు, వాటి వెంట పెద్దవి. దసరా ప్రయాణాల్లో ఒక్కోసారి నీటి మీద అరచేతి వెడల్పున ఎర్రటి మచ్చ ఒకటి కదులుతూ కనిపిస్తుంది. అది కొరమీను పిల్లల గుంపు, కింద తల్లి, తండ్రి ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే కోపంతో తప్పకుండా కొరుకుతాయి. తీస్తే ఆ గుంపంతా మిగతా చేపల పాలవుతుంది. నేను అక్కడి నుంచి జరిగిపోతాను, మీరూ జరగండి.

పోయిన డిసెంబరులో నాలుగో చుక్క దగ్గరికి మా అబ్బాయిని తీసుకువెళ్లాను. నీరు కొద్దిగా దిగి, ఒడ్డున ఒండ్రు పైన ఎండి కింద మెత్తగా ఉంది. పైకి నేలలాగే కనిపిస్తుంది. వాడు రెండడుగులు వేసి మోకాలిదాకా దిగబడ్డాడు, ఒక చెప్పు ఇప్పటికీ కొలాబ్ అడుగునే ఉంది. కొత్త ఒడ్డున ముందు కర్రతో పొడిచి చూసి, తర్వాతే పాదం పెట్టాలి. వాణ్ని రాయి మీద కూర్చోబెట్టి, మొద్దుల అవతలికి కప్పను విసిరి, ఆకుల మీదుగా మెల్లగా లాగాను. రెండు జానలు లాగడం, ఆపడం. మూడోసారి ఆపినప్పుడు కప్ప కింద నీరు ఉబ్బింది, కప్ప మాయమైంది. అందరూ చేసే తప్పు ఇక్కడే, వెంటనే కర్రను గుంజడం. దాని నోట్లో కప్ప ఇంకా తిరగలేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టి, దారం బరువు చేతికి తగిలాకే పైకి ఎత్తాలి. ఆ రెండు అంకెలనూ మా వాడు గట్టిగా బయటికే లెక్కపెట్టాడు.

వల పోగొట్టుకున్న పెద్దాయన పడవ దగ్గరే ఉన్నాడు. మాట ఇచ్చినట్టే అతని చేతిలో పెట్టాను. అతను తక్కెడలో వేసి, కిలోన్నరకు కాస్త ఎక్కువే అన్నాడు. రెండో అలారం మోగకముందే బసకు చేరాం. అత్తగారు వరండాలో శాలువా కప్పుకుని కూర్చున్నారు. ధనుర్మాసం, ఆవిడ చేప పేరు కూడా ఎత్తరు. మనవడి ఒంటి చెప్పు వైపు, నా చేతులకు అంటిన బురద వైపు చూశారు.

"ఎంత తూగింది బాబూ?" అన్నారు.