గేర్ బాక్సు దించినప్పుడు ఫ్లైవీల్‌ను వదలకండి

కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతున్నప్పుడు పాత కారు క్లచ్ పరిస్థితి ఇట్టే బయటపడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను శబ్దం పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. కాసేపటికి కాలిన వాసన లోపలికి కొడుతుంది. ముందు లారీల వరుస ఉండి, ఎత్తులో ఆగి మళ్లీ కదలాల్సి వస్తే బండి వణుకుతుంది కూడా.

ఘాట్ దాకా పోకుండానే తేల్చుకోవచ్చు. చదునైన చోట, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి టాప్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ప్లేటు జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదేపదే చేస్తే మిగిలిన కాస్త ప్లేటూ కాలిపోతుంది. అయితే దీనికంటే ముందు పెడల్ ప్లే, అంటే క్లచ్ పని మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం, చూడండి. క్లచ్ కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా ప్లేటు జారుతుంది. కేబుల్ నట్టు సర్దితే పోయే జబ్బుకు గేర్ బాక్సు దించడం అన్యాయం.

నా షెడ్డుకు మారుతి 800లు ఇప్పటికీ చాలానే వస్తాయి. వాటి తయారీ 2014లోనే ఆగినా, బాగా చూసుకున్నవాళ్ల బండ్లు చక్కగా తిరుగుతున్నాయి. కిందిదంతా ఆ బండిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

బండిని ఎత్తే ముందు నేల చూడండి. మన ఇళ్ల ముందు కడప బండలు పరిచి ఉంటాయి. స్టాండు కాలు నేరుగా వాటి మీద ఆనితే బండ పగలవచ్చు, నూనె పడిన నున్నటి బండ మీద స్టాండు జారనూ వచ్చు. మందపాటి చెక్క వేసి దాని మీద స్టాండ్లు నిలపండి. జాకీని నమ్మి బండి కిందికి దూరకండి. గేర్ బాక్సు దించడానికి ఇద్దరు ఉండాలి. ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద పని అయితే తెల్లవారుజామునే మొదలుపెట్టండి.

బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. గేర్ ఆయిల్ దించండి. క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, గేర్ రాడ్లు, స్టార్టర్ మోటారు విప్పండి. కింది బాల్ జాయింట్లు వదులు చేసి డ్రైవ్ షాఫ్టులు బయటికి లాగండి. ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో ఆనించాకే మౌంటింగ్ విప్పాలి. గేర్ బాక్సును ఇంజను నుంచి నేరుగా పక్కకు లాగి దించండి. దాని బరువు ఇన్‌పుట్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి ప్లేటు మధ్యలోకి దూరే కడ్డీ) మీద వేలాడితే ప్లేటు మధ్యభాగం, షాఫ్టు రెండూ దెబ్బతింటాయి.

క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు, అంటే ఇంజను చివర తిరిగే బరువైన చక్రానికి, అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు. దాని బోల్టులను ఒకదాని ఎదురుగా ఉన్నది ఒకటి చొప్పున కొద్దికొద్దిగా వదులు చేయండి. లోపల పేరుకున్న నల్లటి దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. మూతికి మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడవండి.

సరిగ్గా ఇక్కడే చాలామంది, "అన్నా, ప్లేటు ఒక్కటి మార్చి పంపించు, చాలు" అంటారు. నేను ఒప్పుకోను. గేర్ బాక్సు దించేదే పెద్ద పని. అది కింద ఉన్నప్పుడు ప్లేటు, ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు దాన్ని నొక్కే రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్చాలి, ఫ్లైవీల్‌ను పరీక్షగా చూడాలి. అరిగిన ఫ్లైవీల్ మీద కొత్త ప్లేటు వేస్తే కదిలేటప్పుడు బండి వణకడం పోదు, ప్లేటూ త్వరగా పోతుంది.

ఫ్లైవీల్ ముఖం తుడిచి వెలుతురులో చూడండి. నీలం మచ్చలు ఉంటే అక్కడ వేడెక్కి ఇనుము గట్టిపడిందని అర్థం. గోరుతో అడ్డంగా గీయండి, గాడి తగిలితే చదును చేయించాలి. స్టీలు స్కేలు నిలువుగా ఆనించి వెనక నుంచి టార్చి వేస్తే ముఖం ఎక్కడ గుంట పడిందో వెలుతురు సందులో కనబడుతుంది. సన్నటి జుట్టు పగుళ్లు పైపైన ఉంటే చదును చేసినప్పుడు పోతాయి. పగులు లోతుగా ఉంటే, బోల్టు రంధ్రం దాకా పాకి ఉంటే, ఆ ఫ్లైవీల్‌ను మళ్లీ బిగించకండి. తిరిగే వేగంలో అది ముక్కలైతే ప్రాణాల మీదికి వస్తుంది. ఫ్లైవీల్ చుట్టూ ఉండే, స్టార్టర్ మోటారు పట్టుకుని తిప్పే రింగ్ గేరు పళ్లు అరిగాయేమో కూడా చూడండి.

విప్పే ముందు ఫ్లైవీల్ మీద, అది బిగించి ఉన్న క్రాంకు (ఇంజను ప్రధాన షాఫ్టు) మీద గుర్తు పెట్టండి. చివరి బోల్టు తీసేటప్పుడు చేతితో పట్టుకోండి, బరువుగా ఉంటుంది. చదును చేయించడానికి సర్ఫేస్ గ్రైండింగ్ ఉన్న చోటికే తీసుకెళ్లండి. లేత్ మీద అయితే గట్టిపడిన మచ్చ దగ్గర ఉలి ఎగిరి అక్కడ చిన్న గుబ్బ మిగిలిపోతుంది. తక్కువలో తక్కువ తీయమనండి. ప్రెషర్ ప్లేటు కూర్చునే అంచుకూ ప్లేటు రాసుకునే ముఖానికీ మధ్య ఎత్తులో తేడా ఉన్న ఫ్లైవీల్ అయితే రెండింటినీ సమానంగా తీసి ఆ తేడాను అలాగే నిలపాలి. ముఖం ఒక్కటే తీస్తే ప్రెషర్ ప్లేటు పట్టు తగ్గి కొత్త క్లచ్ కూడా జారుతుంది. మాన్యువల్లో చెప్పిన హద్దు దాటితే కొత్తదే వేయండి. కొన్ని డీజిలు బండ్లలో రెండు భాగాలుగా స్ప్రింగులతో వచ్చే ఫ్లైవీల్ ఉంటుంది, అది పాడైతే మార్చడమే మంచిది.

ఫ్లైవీల్ బయట ఉండగానే క్రాంకు వెనక ఆయిల్ సీల్ చూడండి. చెమ్మ ఉంటే ఇప్పుడే మార్చండి. కారిన ఆయిల్ కొత్త ప్లేటు మీద పడితే చేసిన పనంతా వృథా.

బిగించేటప్పుడు ఫ్లైవీల్ బోల్టులకు లాకింగ్ ద్రవం రాసి, టార్క్ రెంచితో మాన్యువల్లోని లెక్క ప్రకారం ఎదురెదురుగా బిగించండి. కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. ప్లేటు ముఖాన్ని చెమట చేతులతో, గ్రీజు చేతులతో ముట్టకండి. ఏ వైపు ఫ్లైవీల్‌కు రావాలో ప్లేటు మీద ముద్ర ఉంటుంది. ముద్ర లేకపోతే స్ప్రింగులు ఉబ్బిన వైపు సాధారణంగా గేర్ బాక్సు వైపుకు వస్తుంది. తిరగేసి వేస్తే క్లచ్ వదలదు, మళ్లీ అంతా దించాలి.

ప్లేటును నడిమధ్యన నిలపడానికి సెంటరింగ్ టూల్ వాడండి. కంటి అంచనాతో పెడితే గేర్ బాక్సు లోపలికి దూరదు. దూరలేదని బోల్టులతో లాగి కూర్చోబెట్టకండి, హౌసింగ్ చెవులు విరుగుతాయి. ఇన్‌పుట్ షాఫ్టు మీది గాళ్లకు (స్ప్లైన్లకు) గ్రీజు పలచగా, వేలి కొసతో రాసినంత చాలు. ఎక్కువైతే తిరుగుడుకు ఎగిరి ప్లేటు మీద పడుతుంది.

అన్నీ బిగించి గేర్ ఆయిల్ పోశాక పెడల్ ప్లే సర్దండి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు ఊళ్లోనే నెమ్మదిగా తిప్పండి. నిండా మనుషులను ఎక్కించుకుని ఘాట్ ఎక్కకండి, క్లచ్ మీద కాలు ఆనించి నడపకండి. తర్వాత ప్లే మరోసారి చూడండి. ప్లేటు కుదురుకునే కొద్దీ అది తగ్గుతుంది, కేబుల్ నట్టు కొంచెం వదులు చేయాల్సి వస్తుంది.