పొందూరులో జియోకాషింగ్: డబ్బా కన్నా ముందు ప్రశ్న

జియోకాషింగ్ ఆటలో ఒకరు దాచిన డబ్బాను (దీన్నే కాష్ అంటారు) ఇంకొకరు జీపీఎస్ అంకెలతో వెతికి, లోపలి పుస్తకంలో పేరు రాసి, మళ్లీ అక్కడే పెడతారు. శ్రీకాకుళం జిల్లాకు మనుషులను రప్పించాలంటే ఒక చోటి జవాబు తర్వాతి చోటికి దారి చూపుతూ దశల వారీగా సాగే మల్టీ కాషే మేలు. ఒంటి డబ్బా అయితే సంతకం చేసి బండెక్కేస్తారు, ఊరు చూడరు.

ముందు ప్రశ్న సిద్ధం చేయండి. పొందూరు సన్న ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ‘ఆ చేప పేరులో అక్షరాలెన్ని?’ అని అడగండి. నూలు వడికేవాళ్లతో మాట్లాడితే జవాబు 3 అని తేలుతుంది. దాన్ని తుది డబ్బా అంకెల్లో ఖాళీగా వదిలిన చోట నింపాలి. ఏ వేళ వస్తే పనికి అడ్డు కాదో వాళ్లనే అడిగి, జియోకాషింగ్ సైట్‌లో మీ కాష్‌కు ఉండే పేజీలో పెట్టండి. బోర్డుల మీది అంకెలను నమ్ముకోవద్దు, రంగు మార్చిన రోజున కాష్ చచ్చిపోతుంది.

శాలిహుండం స్తూపాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. అక్కడ డబ్బా వద్దు, ఇటుక కదపొద్దు. చూసి లెక్కపెట్టే ప్రశ్న చాలు. తుది డబ్బాను దూరంగా, స్థలం యజమాని అనుమతితో పెట్టండి. వేరే కాష్ డబ్బాకు కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలి. గొయ్యి తవ్వకూడదు.

నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో రబ్బరు ఉన్న అర లీటరు ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. కళింగపట్నం, బారువ వైపు ఉప్పుగాలికి రేకు డబ్బా తుప్పు పడుతుంది. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి పెన్సిల్ ఇవ్వండి, చెమ్మకు పెన్ను సిరా అలుక్కుపోతుంది. తినేవి పెడితే చీమలు, ఎలుకలు వదలవు. మూత మీద ‘ఇది జియోకాషింగ్ ఆట డబ్బా, ప్రమాదం లేదు’ అని తెలుగులో రాసి, పంచాయతీకి, పోలీస్ స్టేషన్‌కు ముందే చెప్పండి. అనుమానాస్పద వస్తువని ఊరు భయపడితే ఆట అక్కడితో సరి.

డబ్బా చోటు జీపీఎస్ అంకెలు తీసేటప్పుడు ఫోన్‌ను ఆకాశం కనిపించేలా అయిదు నిమిషాలు ఉంచండి. వేరే రోజు మళ్లీ తీసి సగటు కట్టండి. అక్షాంశంలో నిమిషాల మూడో దశాంశం ఒకటి మారితే తేడా సుమారు 1.85 మీటర్లు, నిమిషమే తప్పితే 1.85 కిలోమీటర్లు. సరుగుడు తోటలో గురి ఇంకా చెదురుతుంది, అందుకే పేజీలో ఒక ఆనవాలు కూడా ఇవ్వండి. చోటు తెలియని మనిషి చేత వెతికించాకే పేజీని సైట్ సమీక్షకు పంపండి. పేజీలో దుకాణం పేరు, ధరలు ఉంటే వ్యాపార ప్రకటన కింద తిరస్కరిస్తారు.

నెలకోసారి, తుఫాను వచ్చి వెళ్లాక తప్పకుండా, దగ్గర్లోని బడి పిల్లలతో డబ్బా చూపించి తడిసిన పుస్తకం మార్పించండి.