పాఠాన్ని పండించే టీచరును గుర్తించి గౌరవించడం ఎలా?

సెప్టెంబరు 5 దగ్గరపడితే విజయవాడ దుకాణాల్లో శాలువాలకు గిరాకీ పెరుగుతుంది. శాలువా కప్పడం తప్పు కాదు. కానీ ఆ టీచరు ఏ పాఠాన్ని ఎలా చెప్పారో వేదిక మీద ఒక్కరూ చెప్పకపోతే, గౌరవం మనిషికి దక్కిందేమో గానీ ఆమె పనికి దక్కలేదు. మనం గుర్తించవలసింది ఆ పనినే.

మొదట పాఠాన్ని పట్టుకోండి

బడి నుంచి వచ్చిన పిల్లలను "ఈరోజు ఏం చెప్పారు?" అని అడిగితే పాఠం పేరు చెప్పి ఊరుకుంటారు. "ఎలా చెప్పారో చేసి చూపించు" అనండి. మా అమ్మాయి అలాగే ఒక సాయంత్రం ఇరవై లీటర్ల నీళ్ల క్యాను ముందు పెట్టుకుని కూర్చుంది. 2024 సెప్టెంబరు వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటిందని అందరం విన్నాం. క్యూసెక్కు అంటే ఎంతో మాలో ఎంతమందికి తెలుసు? సెకనుకు దాదాపు 28.3 లీటర్లు. అంటే కన్ను మూసి తెరిచేలోగా ఒక క్యాను నిండి, రెండోది సగానికి దగ్గరపడుతుంది. దాన్ని 11 లక్షలతో హెచ్చించమన్నారట లెక్కల టీచరు. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని సింగ్ నగర్ పిల్లవాడు ఆ రోజు లేచి, "మా ఇంట్లోకి వచ్చింది కృష్ణ నీళ్లా, బుడమేరు వాగు నీళ్లా?" అని అడిగాడు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు మ్యాపు తెచ్చి, బుడమేరు ఎటు నుంచి వస్తుందో వాడి చేతనే గీయించారు. దశాంశాల పాఠం అలా ఊరి పాఠమైంది.

తళుకు వేరు, పాఠం వేరు

రంగుల చార్టులూ తెర మీది బొమ్మలూ చూసి మురిసిపోకండి. నెల రోజులు ఆగి, చివరి బెంచీలో కూర్చునే పిల్లలను అదే విషయం అడగండి. వాళ్లు సొంత మాటల్లో చెప్పగలిగితే ఆ పద్ధతి ఫలించినట్టే. గుంటూరులో మిర్చి యార్డు ధరల పట్టికతో సగటు నేర్పడానికి ఖర్చేమీ ఉండదు. నాన్న యార్డులో హమాలీగా పనిచేసే పిల్లవాడికి ఆ లెక్క అందరికంటే ముందే అందుతుంది.

ఒక్క పేజీ రాయండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, మనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే. తరగతి, పాఠం, తేదీ, వాడిన వస్తువులు, పిల్లలు అడిగిన ప్రశ్నలు రాయండి. "చాలా బాగా చెబుతారు", "అంకితభావం గలవారు" వంటి మాటలు ఏ టీచరుకైనా సరిపోతాయి కాబట్టి వాటిని కొట్టేయండి. పిల్లల పేర్లు రాయకండి.

ఆ పేజీని ముందు టీచరుకే చూపించండి. కొందరికి నలుగురిలో నిలబడటం ఇష్టం ఉండదు, వారి మాట మన్నించాలి. ఒప్పుకుంటే ప్రధానోపాధ్యాయులకు ఇచ్చి, పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో చదివించండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, కాబట్టి ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కించడం మన చేతిలో పని.

అవార్డుకు దరఖాస్తు

జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి 2018 నుంచి టీచర్లే నేరుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. పురస్కారం కింద ప్రశంసాపత్రం, వెండి పతకం, 50,000 రూపాయలు ఇస్తారు. ట్యూషన్లు చెప్పేవారు అర్హులు కారు. దరఖాస్తుతో పాటు తరగతిలో చేసిన పనికి ఆధారాలు జతచేయాలి. మీరు ఎప్పటికప్పుడు రాసి ఉంచిన పేజీలు అక్కడ అక్కరకొస్తాయి. తొలి వడపోత జిల్లా స్థాయిలో జరుగుతుంది. 2022లో జిల్లాలు మారాక విజయవాడ బడులు ఎన్టీఆర్ జిల్లా కిందికి వచ్చాయని మరవకండి. మంచి టీచర్లలో చాలామంది తమ గురించి తాము రాసుకోవడానికి మొహమాటపడతారు, పక్కన కూర్చుని సాయం చేయండి.

సన్మానం రోజు

ఉపన్యాసాలు తగ్గించి, ఆ పాఠాన్ని పిల్లల చేత వేదిక మీద చేయించండి, పది నిమిషాలు చాలు. దండలకు, శాలువాలకు పోగుచేసిన డబ్బుతో తరగతికి ఏం కావాలో టీచరునే అడగండి. మా బడిలో ఆవిడ అడిగినవి రెండు కొలపాత్రలు, ఒక స్ప్రింగు త్రాసు, గోడకు వేలాడదీసే కృష్ణా డెల్టా పెద్ద మ్యాపు.