అమెరికాలో మన పిల్లలకి గన్ అందకుండా ఏం చెయ్యాలి

అక్కడ ఉండే మనవాళ్ళు కార్ సీట్ దగ్గర్నుంచి స్విమ్మింగ్ పూల్ ఫెన్స్ దాకా అన్నీ చూసుకుంటారు, గన్ మాటొస్తే మాత్రం "మనింట్లో లేదుగా" అని వదిలేస్తారు. కానీ 2020లో అమెరికాలో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లల చావులకి మొదటి కారణం తుపాకీ అయింది, రోడ్డు యాక్సిడెంట్లని కూడా దాటేసింది. 2021లో 4,700 మందికి పైగా పోయారు. అందులో ఎక్కువ భాగం హత్యలు, దాదాపు పదిమందిలో ముగ్గురు ఆత్మహత్య, మిగతావి ఆడుకుంటూ పేలినవి లాంటివి. మనం టీవీలో చూసే స్కూల్ షూటింగులు ఇందులో చాలా చిన్న భాగం, ఇంటి సొరుగులో ఉండే గన్‌తో ప్రమాదం కూడా తక్కువేం కాదు.

బంగారం కోసం దొంగలు పడతారన్న భయంతో గన్ కొనుక్కున్నవాళ్ళు మనలోనూ ఉన్నారు. కొంటే కొనండి, కానీ లాకర్ లేకుండా గన్ ఇంటికి తేకండి ప్లీజ్. పిల్లల డాక్టర్లు చెప్పేది ఒకటే, బుల్లెట్లు తీసేసి గన్ ఒక చోట లాక్ చెయ్యాలి, బుల్లెట్లు ఇంకో చోట ఇంకో లాక్‌లో ఉండాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది, పిస్టల్‌లో మ్యాగజైన్ (బుల్లెట్లు పెట్టే డబ్బా) తీసేస్తే ఖాళీ అయిపోయిందనుకుంటారు, కాదు, ఛాంబర్‌లో (పేలే ముందు బుల్లెట్ ఉండే చోటు) ఒక బుల్లెట్ ఉండిపోవచ్చు, అది చాలు ప్రాణం తియ్యడానికి. మ్యాగజైన్ తీశాక స్లైడ్ (పిస్టల్ పైన జరిగే భాగం) వెనక్కి లాగి పట్టుకుని ఛాంబర్ లోపల కళ్ళతో చూడాలి, వేలితో కూడా తడిమి చూసుకోవాలి. లాకర్ కొనేదాకా కేబుల్ లాక్ (గన్‌లోంచి దూర్చి వేసే తీగ తాళం) అయినా వెయ్యండి, చాలా ఊళ్ళలో పోలీస్ స్టేషన్లో ఫ్రీగా ఇస్తారు.

బీరువాలో చీరల కింద, పరుపు కింద, పై షెల్ఫ్‌లో దాచడం లాక్ చెయ్యడం కిందకి రాదు. మా పిల్లాడికి తెలీదు అని పేరెంట్స్ గట్టిగా చెప్పిన ఇళ్ళల్లో కూడా పిల్లల్ని విడిగా అడిగితే చాలామంది చోటు చెప్పేశారని 2006లో వచ్చిన స్టడీ ఒకటి ఉంది. కాబట్టి తాళంచెవి దేవుడి గూట్లో పెట్టకండి, కోడ్‌గా పిల్లల పుట్టినరోజు అసలే వద్దు.

"ముట్టుకోవద్దని చెప్పాంలే" అనే ధైర్యం కూడా వద్దు. అట్లాంటాలో 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లల్ని ఒక గదిలో వదిలి, సొరుగుల్లో బొమ్మ వాటర్ గన్లు, ఒక నిజం పిస్టల్ (బుల్లెట్లు లేకుండానే) దాచి చూశారు, 2001లో రిజల్ట్ బయటికొచ్చింది. పిస్టల్ కంటపడినవాళ్ళలో చాలామంది దాన్ని పట్టుకున్నారు, కొందరు ట్రిగ్గర్ కూడా నొక్కారు, పట్టుకున్నవాళ్ళలో దాదాపు అందరికీ అంతకుముందే గన్ జాగ్రత్తలు చెప్పి ఉన్నారు. చెప్పడం మానకండి, కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడ్నుంచి వచ్చేసి పెద్దవాళ్ళకి చెప్పమనండి, కాకపోతే దానిమీదే ఆధారపడకండి.

పక్కింటికి ఆడుకోడానికి పంపేముందు అడగండి. మొహమాటంగా ఉంటే నట్ అలర్జీ సంగతి చెప్పే మెసేజ్‌లోనే "ఇంట్లో గన్ ఉందా, ఉంటే లాక్ చేసి ఉందా" అని కలిపేయండి. మనవాళ్ళనైతే "అన్నయ్యా ఏమనుకోకండి, అందర్నీ అడుగుతున్నా" అంటే సరిపోతుంది. జవాబు నచ్చకపోతే పిల్లల్ని మీ ఇంటికి రమ్మనండి, గొడవేం లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ తాతయ్యలకి కూడా ఇది చెప్పి ఉంచాలి, పగలంతా పిల్లల్ని చూసేది వాళ్ళే కదా.

ఇక టీనేజర్లు. నాకు ఎక్కువ భయం వీళ్ళ గురించే. మార్కులు, అడ్మిషన్, బ్రేకప్, ఏదో ఒకదానికి చచ్చిపోవాలనిపించిన ఆ కాసేపు దాటిపోతే చాలామంది బతికేస్తారు, కానీ చేతికి గన్ అందితే పదిలో తొమ్మిదిసార్లు రెండో ఛాన్స్ ఉండదు. పిల్లాడు తిండి మానేసి గదిలోంచి రావట్లేదంటే ఆ కష్టం తీరేదాకా గన్ ఇంట్లోంచే పంపించేయండి, కొన్ని గన్ షాపుల్లో, కొన్ని పోలీస్ స్టేషన్లలో దాచిపెడతారు, ముందు ఫోన్ చేసి కనుక్కోండి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా" అని సూటిగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. 988కి (ఆత్మహత్య ఆలోచనలొచ్చినవాళ్ళకి సాయం చేసే హెల్ప్‌లైన్) ఏ టైమ్‌లోనైనా కాల్ గానీ మెసేజ్ గానీ చెయ్యొచ్చు, అప్పటికప్పుడు ప్రమాదమైతే ఎమర్జెన్సీ నంబర్ 911.

చట్టం కూడా తెలుసుకోండి. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడెడ్ గన్ అందేలా వదిలేస్తే అది నేరం. మిషిగన్‌లో 2021 ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్ కాల్పుల కేసులో కాల్చిన కుర్రాడి అమ్మానాన్నలిద్దరికీ 2024లో పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ జైలు పడింది.

చివరిగా, మీ పిల్లలతో ఒక కోడ్ మెసేజ్ ఇవాళే అనుకోండి. పార్టీలో ఎవడో గన్ తీసి చూపిస్తుంటే "తాతయ్య ఫోన్ చేశారా" అని పెడితే చాలు, మీరు వెంటనే వెళ్ళి తీసుకొచ్చేయాలి, అక్కడ ఎందుకున్నావ్ అనే క్లాస్ ఆ రాత్రికి వద్దు, లేకపోతే ఇంకోసారి మెసేజ్ పెట్టరు.